13 మందికి రెండు బ్యాట్లు: తిరుపతి వీకెండ్ సాఫ్ట్‌బాల్ టీమ్ కేస్ స్టడీ

ముందు కేసేందో చెప్పేస్తా. తిరుపతిలో శని, ఆదివారాల సాయంత్రం సరదాకి సాఫ్ట్‌బాల్, అంటే బేస్‌బాల్ లాంటి ఆట, ఆడుకునే టీమ్ ఒకటి. మొత్తం 13 మంది, అందులో నలుగురు ఆడవాళ్ళు, వయసులు 24 నుంచి 51 దాకా. మెడికల్ షాపు నడుపుకునే ఆయన కెప్టెన్, మిగతావాళ్ళలో బ్యాంకు స్టాఫ్ కొందరు, స్కూల్ టీచర్లు ఇద్దరు, కొండకి ట్యాక్సీ తోలే కుర్రోడు ఒకడు, ఆరడుగుల పైన పొడుగుండే ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన, ఇంట్లోంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు. అందరూ చందా వేసుకొని 24 వేలు పోగేసి, ఈ డబ్బుతో ఒకే ఒక్క మంచి బ్యాట్ కొంటాం సార్, ఏది కొనమంటారు అని నా దగ్గరికొచ్చారు. నేను చదువుకునే రోజుల్లో యూనివర్సిటీకి ఆడినోణ్ణి, ఇప్పుడు కాలేజీలో పీడీగా, అంటే ఆటల మాస్టారుగా చేస్తాండా, ఊళ్ళో ఎవరికి బ్యాట్ కావాలన్నా, పాత బ్యాట్ పనికొస్తాదా రాదా చూడాలన్నా తెచ్చి నా టేబుల్ మీద పెడతారు, అట్లా ఇది కూడా వచ్చింది.

వీళ్ళు ఆడేది స్లోపిచ్. ఇది పక్కన పెట్టి బ్యాట్ మాట ఎత్తితే అంతా దండగ. మన స్కూల్ గేమ్స్‌లో, యూనివర్సిటీ టోర్నీల్లో, నేషనల్స్‌లో ఆడేది ఫాస్ట్‌పిచ్, ఒలింపిక్స్‌లో 1996 నుంచి 2008 దాకా, మళ్ళీ టోక్యోలో ఆడిందీ అదే. అందులో పిచ్చర్ ఆడవాళ్ళయితే 43 అడుగుల నుంచి, మగవాళ్ళయితే 46 అడుగుల నుంచి చేతిని గిర్రున తిప్పి విసురుతారు, బంతి కళ్ళ ముందుకి వచ్చేసరికి బ్యాట్ కదిలి ఉండాల్సిందే, అందుకే ఆ బ్యాట్లు తేలిగ్గా ఉంటాయి. స్లోపిచ్‌లో 50 అడుగుల నుంచి బంతిని ఎత్తుగా వేస్తారు, ఇక్కడి లీగ్ రూలు ప్రకారం కనీసం 6 అడుగులు లేవాలి, 12 దాటకూడదు, వంపు తిరిగి పైనుంచి దిగుతాది. టైమ్ బోలెడంత ఉంటాది కాబట్టి బ్యాట్ కొంచెం బరువున్నా నడుస్తాది. స్లోపిచ్ బ్యాట్లు దాదాపు అన్నీ 34 అంగుళాల పొడవే, బరువు మాత్రం 25 నుంచి 30 ఔన్సుల మధ్య మారతా ఉంటాది. రెండు ఆటలకీ బ్యాట్ 34 అంగుళాలు దాటకూడదు, బ్యారెల్, అంటే బంతి తగిలే లావు భాగం, మందం రెండుంపావు అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్లు, దానికి మించకూడదు.

మన దగ్గర షాపుల్లో అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఫాస్ట్‌పిచ్ బ్యాటే, ఎందుకంటే కొనేది స్కూళ్ళు, కాలేజీలు. చెన్నైలో ఆటసామాన్ల షాపులుండే పెరియమేట్ పోయినా అదే కథ, ముందు అదే చేతికిస్తారు. స్లోపిచ్ అని విడిగా అడగాలి, అడిగినా షాపాయన ముఖం చూసి ఆయనకి తెలుసో లేదో మనమే తేల్చుకోవాల.

వాళ్ళ కంప్లయింట్ రెండు ముక్కలు. ఒకటి, బంతి పోవడంలేదు, గట్టిగా కొట్టినా ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల మధ్య చోటు, దాటట్లేదు. రెండోది, కుడిచేతి వాళ్ళు కొట్టినవన్నీ ఫస్ట్ బేస్ వైపు, అంటే కుడిపక్క గీత బయటికి, ఫౌల్ పోతాండాయి. కెప్టెన్ తీర్పు అప్పటికే అయిపోయింది, "బ్యాట్ పాతది సార్, చచ్చిపోయింది, కంపోజిట్ ఒకటి తెస్తే అందరూ కొడతారు." కంపోజిట్ అంటే లోహం కాకుండా కార్బన్ ఫైబర్‌తో చేసిన బ్యాట్. అమెరికాలో ఉండే ఆయన బావమరిది ఆ మాట ఎక్కించినాడు, ఫోన్లో లింకులు కూడా పంపినాడు, మూడు వందల డాలర్ల బ్యాట్ అది.

నేను లింకులు చూడలేదు, ముందు ఆట చూస్తానన్నాను. గ్రౌండ్‌లో పక్కన నిలబడి చూస్తే రెండో కంప్లయింటే మొదటిదానికి కారణమని తెలిసిపోయింది. కుడిచేతి బ్యాటర్ బంతి పదే పదే ఫస్ట్ బేస్ వైపు పోతాందంటే బ్యాట్ లేటుగా వస్తాందని అర్థం. 50 అడుగుల నుంచి నింపాదిగా దిగే బంతికి కూడా లేటవుతాన్నారంటే చేతిలో ఉన్నది వాళ్ళు తిప్పలేనిదన్నమాట. దానికి తోడు మనోళ్ళందరూ టెన్నిస్ బాల్ క్రికెట్ నుంచి వచ్చినోళ్ళు, బరువుంటేనే బంతి పోతాదని చిన్నప్పటి నుంచి నమ్మకం. క్రికెట్ బ్యాట్ ఆపి పెట్టినా బంతి దాని బరువుకి కొంత పోతాది, ఇక్కడ గుండ్రటి బ్యారెల్, అడ్డంగా ఊపు రావాలి, ఊపు లేకపోతే బరువుండీ లాభం లేదు.

అనుమానం ఒక్కటే చాలదు కాబట్టి ముగ్గుపిండి తెప్పించినాను. బ్యారెల్ చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, బంతికి ముగ్గుపిండి రాసి వేయిస్తే, ఎక్కడ తగిలితే అక్కడ తెల్ల మచ్చ పడతాది. ఒక్కొక్కరికి కొన్ని బంతులు వేయించి, ఒకరి తర్వాత ఒకరికి టేపు తుడిచి చూసినాం. బ్యాట్ చివర నుంచి సుమారు 5 నుంచి 7 అంగుళాల లోపల తగిలితే బంతి బాగా పోతాది, చెయ్యి జలదరించదు. టీచర్ మేడమ్‌వి, బ్యాంకు ఆయనవి మచ్చలన్నీ దానికి ఇంకా లోపల, బ్యారెల్ సన్నబడే చోట, హ్యాండిల్ వైపు. లేటుగా వస్తే అట్లాగే అవుతాది, చివర భాగం ముందుకి రాకముందే బంతి దగ్గరికి వచ్చేస్తాది. ల్యాబ్ టెక్నీషియన్‌వి మాత్రం సరిగ్గా పడాల్సిన చోటే, గుంపుగా. ఆ ఒక్క టేపు చూపిస్తే కెప్టెన్ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆయన చేతులు పొడుగు కదా సార్" అన్నాడు. పొడుగుతో పాటు బలం కూడా ఉంది, అదీ నిజమే.

ఇంగ బ్యాట్ సంగతికి వస్తాం. వాళ్ళ పాత బ్యాట్ అల్లాయ్‌ది, అంటే అల్యూమినియం లోహంది, దాని మీద 34 అంగుళాలు, 30 ఔన్సులు అని ఉంది. ఎంత బరువు అని అందరూ అడిగేది ఈ నంబరే, నా లెక్కలో ఈ నంబర్ సగం మాటే చెప్తాది. ఒకే బరువుండే రెండు బ్యాట్లలో ఒకదాని బరువు చేతి వైపు ఉండొచ్చు, ఇంకోదానిది కొసకి ఉండొచ్చు, చేతికి రెండూ వేరే వేరేగా తెలుస్తాయి. 2003లో లాయిడ్ స్మిత్, జెఫ్ బ్రోకర్, అలన్ నాథన్ అనే ముగ్గురు పరిశోధకులు స్లోపిచ్ ఆటగాళ్ళతో ఇదే పరీక్ష చేసినారు, బరువు వేరై తిప్పడానికి ఒకేలా ఉండే బ్యాట్లు కొన్ని, బరువు ఒకటే అయి తిప్పడానికి తేడాగా ఉండే బ్యాట్లు కొన్ని ఇచ్చి ఎవరు ఎంత వేగంగా తిప్పుతారో కొలిచినారు. తేలిందేందంటే వేగం కాటా మీద బరువుని బట్టి మారలేదు, ఆ బరువు ఎక్కడుందో దాన్ని బట్టి మారింది. ఫిజిక్స్ చదివినోళ్ళు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటారు, బ్యాట్ కంపెనీలు స్వింగ్ వెయిట్ అంటాయి.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు, ల్యాబ్ అక్కర్లేదు. వంటింటి డిజిటల్ కాటా మీద బరువు. తర్వాత బ్యాట్‌ని నిలువుగా పెట్టిన స్టీలు స్కేలు అంచు మీద అడ్డంగా నిలబెడితే ఎక్కడ ఎటూ వాలకుండా నిలుస్తాదో అక్కడ గీత పెట్టి, నాబ్, అంటే చేతి వైపు చివరుండే గుండు, దాని చివర నుంచి ఆ గీత దాకా టేపుతో కొలుస్తా. మూడోది కొంచెం తంటా, నాబ్ చివర నుంచి 15.2 సెంటీమీటర్ల దగ్గర, అంటే 6 అంగుళాల దగ్గర, సన్న ఇనుప చువ్వని అడ్డంగా క్లాంపుతో బిగించి, చువ్వ రెండు కొసలు రెండు బెంచీల మీద ఆనించి, బ్యాట్‌ని గడియారం లోలకం మాదిరి ఊగనిస్తాం. పది ఊపులకి ఎన్ని సెకన్లో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూసి పదితో భాగిస్తే ఒక ఊపు టైమ్ వస్తాది. ఊపంటే పోయి తిరిగి రావడం, సగం కాదు, పిల్లలు ఇక్కడే పొరబడతారు. ఎక్కువ దూరం లాగి వదలకూడదు కూడా, కొంచెమే వదలాల.

లెక్క ఇట్లా చేస్తా: గ్రాముల్లో బరువు, ఇంటూ చువ్వ నుంచి గీత దాకా సెంటీమీటర్లు, ఇంటూ ఊపు టైమ్, మళ్ళీ ఇంటూ ఊపు టైమ్. వచ్చింది వేలల్లో ఉంటాది, వెయ్యితో భాగించి చిన్న నంబర్ చేసుకుంటా. ఇది పుస్తకాల్లో ఉండే యూనిట్ కాదు, కానీ బ్యాట్‌కీ బ్యాట్‌కీ పోల్చుకోడానికి ఇంతకంటే అక్కర్లేదు.

పాత బ్యాట్ కాటా మీద 862 గ్రాములు తూగింది, మధ్యలో ఎవరో గ్రిప్ మీద గ్రిప్ చుట్టినారు. గీత 53.5 సెంటీమీటర్ల దగ్గర, అంటే చువ్వ నుంచి 38.3. ఊపు 1.48 సెకన్లు. లెక్క వేస్తే 72. నా దగ్గర పడున్న ఫాస్ట్‌పిచ్ బ్యాట్, 33 అంగుళాలు 23 ఔన్సులది, దాన్ని డ్రాప్ టెన్ అంటారు, అంటే అంగుళాల్లోంచి ఔన్సులు తీసేస్తే వచ్చేది 10. దానికి 655 గ్రాములు, 33.8 సెంటీమీటర్లు, 1.42 సెకన్లు, మొత్తం 45. ఊరికే తెలియడానికి చూసినాం, ఈ ఆటకి అది పనికిరాదు, దాని కొసకి బరువు తక్కువ, తిప్పడానికి హాయిగా ఉంటాది గానీ తగిలే చోట బరువు లేక బంతి పోదు.

తెలిసిన కోచ్‌ల దగ్గర అరువు తెచ్చి ఇంకో మూడు కొలిచినాను, అన్నీ 34 అంగుళాల స్లోపిచ్ అల్లాయ్‌లే. 26 ఔన్సులది 745 గ్రాములు, 35.3, 1.45, మొత్తం 55. 28 ఔన్సులది 800 గ్రాములు, 36.3, 1.46, మొత్తం 62. ఇంకో 28 ఔన్సులది, కొసకి బరువు పెట్టి చేసింది, దాన్ని ఎండ్ లోడ్ అంటారు, అది 805 గ్రాములు, 38.0, 1.47, మొత్తం 66. ఈ చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా 28 అనే రాసుంది, కాటా మీద తేడా 5 గ్రాములే, తిప్పడానికి మాత్రం ఒకటి 62, ఒకటి 66. బ్యాంకు ఆయన కళ్ళు మూసుకొని రెండూ తిప్పి "ఇది బరువెక్కువ సార్" అని ఎండ్ లోడ్‌దే చూపించినాడు, నంబర్ నేనింకా చెప్పలేదు.

తర్వాత అందరితో ముగ్గుపిండి పరీక్ష మళ్ళీ, ఈసారి మూడు బ్యాట్లతో, ఫోన్లో స్లో మోషన్ కూడా తీసినారు సాఫ్ట్‌వేర్ పిల్లలు. మచ్చలు 55 బ్యాట్‌తో ఆడవాళ్ళలో ముగ్గురికి, మగవాళ్ళలో వయసు మీద పడినోళ్ళకి సరైన చోటుకి వచ్చేసినాయి, ఫౌల్స్ తగ్గినాయి. కుర్రాళ్ళకి 62 బాగా కుదిరింది. నాలుగో మేడమ్, పాతికేళ్ళ అమ్మాయి, హ్యాండ్‌బాల్ ఆడిన చెయ్యి, ఆవిడకీ 62యే నచ్చింది, ఆడవాళ్ళకి ఇది మగవాళ్ళకి అది అని పంచేస్తే ఇక్కడే దెబ్బ తినేవాళ్ళం. ట్యాక్సీ కుర్రోడికి 55 ఇస్తే ఉత్సాహంగా ముందే తిప్పేసి థర్డ్ బేస్ వైపు ఫౌల్ కొట్టినాడు, వాడికి 62. ల్యాబ్ టెక్నీషియన్‌కి 72 పాత బ్యాటే మేలు, 66 కూడా పర్వాలేదు. అంటే చచ్చిపోయిందన్న బ్యాట్ చావలేదు, 12 మంది చేతుల్లో అది తప్పు బ్యాట్, ఒక్కరి చేతిలో ఒప్పు.

అప్పుడు కెప్టెన్ మళ్ళీ కంపోజిట్ దగ్గరికే వచ్చినాడు. "సరే సార్, 26 ఔన్సుల కంపోజిట్టే కొంటాం, అదైతే తేలిగ్గా ఉంటాది, బంతి కూడా పోతాది కదా."

పోతాది, అబద్ధం చెప్పను. కార్బన్ ఫైబర్ పొరలు వేసి చేసిన బ్యారెల్ బంతి తగలగానే కొంచెం లోపలికి పోయి తిరిగి తోస్తాది, అల్లాయ్ కంటే మేలు. కొత్తలో బిగుసుకొని ఉంటాది, కొంచెం కొంచెం తిప్పుకుంటా అన్ని వైపులా బంతులు కొడతా పోతే పొరలు సర్దుకొని వేగం పెరుగుతాది. పెరిగి పెరిగి ఒకరోజు చీలిపోతాది. ఇక్కడ మూడు అడ్డంకులు చెప్పినాను నేను, కెప్టెన్‌కి నచ్చలేదు, అయినా విన్నాడు.

బంతి మొదటిది. అమెరికాలో స్లోపిచ్‌కి వాడే బంతికి కొలతలుంటాయి, యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ స్లోపిచ్ బంతి మీద 52, 300 అని ఉంటాది, 52 అంటే ఎంత ఎగురుతాది, 300 అంటే నొక్కితే ఎంత గట్టి అని. ఫాస్ట్‌పిచ్ బంతి మీద 47, 375 ఉంటాది. అంటే ఫాస్ట్‌పిచ్ బంతి ఇంకా గట్టిది. మనోళ్ళు వాడేవి ఇక్కడ దొరికే 12 అంగుళాల చుట్టుకొలత బంతులు, వాళ్ళ సంచిలో ఉన్న వాటిమీద ఏ నంబరూ లేదు, బొటనవేలితో నొక్కితే ఒకటి రాయి, ఒకటి మెత్తన. మెత్తటి బంతికి చేసిన కంపోజిట్ బ్యాట్‌ని రాయి లాంటి బంతితో కొడితే చాలా తొందరగా పగుళ్ళు పడతాయి. అప్పుడు వారంటీ అని ఎవరికి పంపాల, బావమరిదికా?

రెండోది, 13 మంది ఒక బ్యాట్. కొట్టి పరిగెత్తేటప్పుడు విసిరేస్తారు, ఆ గ్రౌండ్‌లో అంచుల్లో కంకర. అల్లాయ్‌కి సొట్ట పడతాది, కంటికి కనపడతాది, ఆడుకోవచ్చు కొన్నాళ్ళు. కంపోజిట్ లోపల పగిలితే బయటికి వెంట్రుక మందం గీత కూడా కనపడకపోవచ్చు. సొంత బ్యాట్ అయితే మనిషి చూసుకుంటాడు, టీమ్ బ్యాట్ ఎవరిదీ కాదు.

మూడోది నేను గట్టిగా పట్టుకున్నది. వీళ్ళకి పిచ్చింగ్ చేసేది టీచర్ మేడమ్, ముఖానికి మాస్క్ లేదు. అమెరికాలో ఏఎస్ఏ అనే సాఫ్ట్‌బాల్ సంస్థ, దాని పేరే ఇప్పుడు యూఎస్ఏ సాఫ్ట్‌బాల్, 2004లో పెట్టిన లిమిట్ ప్రకారం బ్యాట్ నుంచి బంతి గంటకి 98 మైళ్ళు దాటి పోకూడదు. అది 158 కిలోమీటర్ల దాకా. 50 అడుగుల దూరానికి లెక్కేస్తే పిచ్చర్ దగ్గరికి సెకనులో మూడో వంతు కొంచెం దాటితే వచ్చేస్తాది, రెప్ప వాల్చే టైమ్. మన టెక్నీషియన్ అంత వేగం కొట్టడులెండి, అయినా ఆ బలానికి బంతిని అంత వేగంగా తోసే బ్యాట్ ఇచ్చి ఎదురుగా మాస్క్ లేని మనిషిని నిలబెట్టడం నావల్ల కాదు. వేరే సంస్థ యూఎస్ఎస్ఎస్ఏ, దాని స్టాంపు, అంటే రూల్స్‌కి సరిపోయిందని వేసే గుర్తు, ఉండే బ్యాట్లు ఇంకో లెక్క. స్టాంపులు చూసి కొన్నంత మాత్రాన రెండూ ఒకటే కాదు, ఇక్కడి లీగ్‌లో అయితే ఏ స్టాంపూ అడగరు, అదే భయం.

మధ్యలో ఇంకో ముచ్చట. కెప్టెన్‌కి ఎవరో సెకండ్ హ్యాండ్ కంపోజిట్ ఒకటి సగం రేటుకి ఇస్తామన్నారు, తెచ్చి చూపించినాడు. పైకి కొత్తదే. వెలుతుర్లో పెట్టి తిప్పితే లోగో పక్కన సాలెగూడు మాదిరి సన్న గీతలు. పిడికిలితో బ్యారెల్ పొడవునా తట్టుకుంటా పోతే ఒక చోట గణగణ, ఇంకో చోట బొద్దు శబ్దం. ఎండ్ క్యాప్, అంటే బ్యాట్ కొసకుండే మూత, చుట్టూ జిగురు కొత్తగా మెరుస్తాంది, అంటే క్యాప్ ఊడదీసి మళ్ళీ అంటించినారు. లోపల గోడ అరగదీసి పల్చన చేయడానికి ఇట్లా చేస్తారు, దాన్ని షేవింగ్ అంటారు, బంతి ఇంకా వేగంగా పోతాది, ఏ లీగ్ రూల్స్‌లోనూ ఒప్పుకోరు, విరిగి ఎగిరితే ఎవడి కన్నో పోతాది. ఇది అట్లా చేసిందేనని కోర్టులో చెప్పలేను గానీ, ముట్టుకోవద్దన్నాను. తిరిగిచ్చేసినాడు, పాపం ఆటోచార్జి తనదే.

చివరికి కొన్నది రెండు అల్లాయ్‌లు, 34 అంగుళాలవే, ఒకటి 26 ఔన్సులు, ఒకటి 28 బ్యాలెన్స్‌డ్, అంటే కొసకి బరువు పెట్టనిది. బావమరిదే తెచ్చినాడు పండక్కి వచ్చినప్పుడు, పెద్ద సూట్‌కేసులో కూడా మూల నుంచి మూలకి పెడితేనే పట్టినాయంట, మామిడికాయ పచ్చడి తీసుకుపోయే సూట్‌కేసు అది. రెండూ కలిపి 14 వేల లోపలే అయింది. మిగిలిన పదివేల చిల్లరలో పిచ్చర్‌కి ఫేస్ మాస్క్, రెండు హెల్మెట్లు, ఒకే రకం బంతులు డజను. ఈ మాస్క్ దగ్గర కొంచెం వాదన జరిగింది, మేడమ్‌కే వేసుకోడానికి మొహమాటం, ఎండకి ఉక్కపోస్తాదని. మాస్క్ లేకపోతే టెక్నీషియన్ చేతికి పాత బ్యాట్ ఇవ్వనని కెప్టెన్‌తో చెప్పించినాను, సర్దుకుంది.

బ్యాట్లు రాగానే మళ్ళీ కొలిచినాను. 28ది రాసినట్టే ఉంది, 26ది మాత్రం 757 గ్రాములు, అంటే 26.7 ఔన్సులు. ఇట్లాంటి తేడాలు మామూలే, కంపెనీలు రాసింది కాటా మీద సరిగ్గా రాదు, పైన గ్రిప్ మారిస్తే ఇంకా మారతాది. గ్రిప్ గురించి ఒక మాట, మనూర్లో మార్చి నుంచి చేతులు చెమటతో జారతాయి, వచ్చిన గ్రిప్ తీసేసి పల్చటి బ్యాడ్మింటన్ గ్రిప్ చుట్టించినాను. మందంగా చుట్టకండి, హ్యాండిల్ లావైతే మణికట్టు తిరగదు. ఒకడు క్రికెట్ అలవాటుతో మూడు పొరలు చుట్టి తెచ్చినాడు, రెండు పీకించినాను.

ఆడిన తర్వాత సంగతి. సీజన్ మొదట్లో ఫస్ట్ బేస్ వైపు ఫౌల్స్ బాగా తగ్గినాయి, బంతి ఇన్‌ఫీల్డ్ దాటుతాంది, టీచర్ మేడమ్ అయితే లెఫ్ట్ సెంటర్‌కి పంపించడం మొదలుపెట్టింది. మ్యాచ్‌లన్నీ గెలిచినారని కాదు, ఫీల్డింగ్ అట్లాగే ఉంది, దానికి ఏ బ్యాటూ మందు కాదు. మే నెలలో మళ్ళీ ఫోన్, "సార్, 28 బ్యాట్ కూడా చచ్చిపోయింది." పోయి చూస్తే బంతులు కార్ డిక్కీలో పెట్టుకొని మధ్యాహ్నమంతా ఎండలో ఉంచినారు. లోపల పాలీయురేతేన్ ఉండే బంతి వేడెక్కితే మెత్తబడతాది, బ్యాట్‌ని తగిలినా శక్తి లోపలే పోతాది, శబ్దం కూడా చప్పగా ఉంటాది. బంతుల్ని ఇంట్లో నీడన పెట్టి సాయంత్రం తెమ్మన్నాను, నెల చివర్లో ఆ గోల ఆగింది. బ్యాట్లు కూడా డిక్కీలో వద్దన్నాను, అల్లాయ్‌కి ఏం కాదు, గ్రిప్ జిగురు ఊడి వస్తాది.

అల్లాయ్‌కి ముసలితనం ఎప్పుడొచ్చిందో చూడడానికి ఒక ఇనుప రింగు చేయించినాను, రేణిగుంట రోడ్డులో లేత్ షాపు ఆయన చేసిచ్చినాడు, 57 మిల్లీమీటర్ల బ్యారెల్ హాయిగా దూరేంత. కొత్త బ్యాట్ కొస నుంచి కింది దాకా జారతాది. కొట్టి కొట్టి బ్యారెల్ గుడ్డు ఆకారానికి వచ్చినప్పుడు రింగు మధ్యలో ఆగిపోతాది, ఆగిందంటే ఆ బ్యాట్ పక్కన పెట్టేయాల్సిందే. ఇప్పుడు 28ది జారుతాంది గానీ ఒక చోట కొంచెం పట్టినట్టు ఉంది, దాన్ని పావు వంతు తిప్పి పట్టుకోమన్నాను, లోగో ఎప్పుడూ ఒకే వైపు పెట్టి కొడతారు కాబట్టి దెబ్బలన్నీ ఒకే చోట పడతాండాయి. 26దానికి ఎండ్ క్యాప్ లోపల ఏదో గలగల వస్తాంది, రబ్బరు ముక్క ఊడుంటాది, ప్రస్తుతానికి ఆడుతున్నారు, పగులు లేదు.

ఇంకా తేలని విషయం టెక్నీషియన్ది. ఆయనకి 72 బ్యాట్ ఇచ్చి పెట్టినాం గానీ బేస్ రన్నింగ్‌లో మోకాలు నొప్పి వచ్చి ఊపు తగ్గింది, మచ్చలు మళ్ళీ లోపలికి పోతాండాయి. 66 ఎండ్ లోడ్ కొనమంటున్నాడు ఆయన. నేను 62తో ఒక నెల ఆడి చూడమన్నాను. కెప్టెన్ మాత్రం కంపోజిట్ మీద ఆశ వదల్లేదు, సొంత డబ్బుతో తెప్పించుకుంటాడంట, కాదనడానికి నేనెవర్ని, కాకపోతే నెట్ ప్రాక్టీస్‌లో వాడాలి, పిచ్చర్ మాస్క్ వేసుకున్నప్పుడే వాడాలి, నంబర్ ఉండే మెత్తటి బంతితోనే వాడాలి అని మూడు షరతులు పెట్టినాను. వచ్చే సీజన్‌కి స్టాంపు రూలు పెడదామా అని లీగ్ వాళ్ళు మీటింగ్ పెట్టుకుంటాన్నారు. ముందు అన్ని టీములకీ ఒకే బంతి ఖాయం చేయండి, స్టాంపు సంగతి తర్వాత చూస్తాం అని చెప్పి పంపినాను.